బ్రోకెన్ హిల్: బొగ్గు బాయి మనిషి చూసిన వెండి ఊరు

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పిల్లల దగ్గరికి వచ్చిన మాబోటి తల్లిదండ్రులకు శని, ఆదివారాలు ఎలా గడుస్తాయో తెలిసిందే. ఒక వారం గ్లెనెల్గ్ బీచి, ఇంకో వారం హాన్‌డార్ఫ్, మూడో వారం మళ్లీ బీచి. నాకు నీళ్లు చూసి చూసి విసుగొచ్చింది. మా చిన్నోడితో అన్నాను, "ఈ దేశంలో ఇన్ని గనులు ఉన్నాయంటారు, ఒక్క బాయి అయినా చూపించవేరా" అని. జూలైలో మనవడికి బడి సెలవులు ఇవ్వగానే కారులో వేసుకుని బ్రోకెన్ హిల్ తీసుకెళ్లాడు. రెండు రాత్రులు ఉన్నాం. ఇల్లందు వైపు నుంచి వచ్చేవాళ్లకి, గోదావరిఖని, మందమర్రి వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. మిగతావాళ్లు కూడా చదవొచ్చు, ఇబ్బందేం లేదు.

ముందే చెబుతున్నా, నేను సింగరేణిలో 34 ఏళ్లు బొగ్గు బాయి దిగిన మనిషిని. మొదట షాట్‌ఫైరర్, అంటే మందు పేల్చేవాణ్ణి, తరవాత సర్దార్, అంటే కింద కార్మికుల భద్రత చూసేవాణ్ణి, చివరికి సర్దార్ల పైన ఓవర్‌మన్‌గా రిటైరయ్యాను. నేను చూసే చూపు వేరుగా ఉంటుంది. మా ఆవిడ అయితే ఈ ఊరికి పదికి నాలుగు మార్కులే వేసింది. ఆమె లెక్క ఆమెది.

దారి 500 కిలోమీటర్లు దాటుతుంది. బర్రా దాటాక ఇక ఊళ్లు లేవనే అనుకోండి. యుంటాలో ఆగి పెట్రోలు పోయించుకోవాలి, టాయిలెట్ పని కూడా అక్కడే కానిచ్చుకోవాలి. రెండు పక్కలా మోకాలెత్తు బూడిదరంగు పొదలు, మధ్యమధ్యలో ఈమూలు, రోడ్డు వారన చచ్చిపడిన కంగారూలు. పొద్దుగూకాక ఈ దారిలో బండి నడపొద్దు. చీకట్లో కంగారూలు రోడ్డు మీదికి దూకుతాయి. మేం తెల్లారుజామునే బయల్దేరి మధ్యాహ్నానికి చేరాం.

చేరగానే గడియారంతో ఒక తికమక. ఊరు ఉన్నది న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, టైము మాత్రం సౌత్ ఆస్ట్రేలియాది. రాజధాని సిడ్నీకీ ఈ ఊరికీ అరగంట తేడా. మా కోడలి ఫోన్ ఒక టైము, కారు ఒక టైము చూపించాయి. ఎందుకంటే పుట్టినప్పటి నుంచీ ఈ ఊరి బతుకంతా అడిలైడ్ వైపే. సిడ్నీ 1,100 కిలోమీటర్ల పైచిలుకు దూరం. గని సరుకు వెళ్లింది ఇటు పోర్ట్ పిరీ రేవుకే. సిడ్నీ నుంచి నేరుగా రైలు 1927 దాకా రానే లేదు. అంతవరకు 1888లో ఒక ప్రైవేటు కంపెనీ సౌత్ ఆస్ట్రేలియా వైపు వేసిన చిన్న రైలుమార్గమే దిక్కు.

ఊళ్లో మెయిన్ రోడ్డు పేరు అర్జెంట్ స్ట్రీట్. మా ఆవిడ బోర్డు చదివి, "ఏందయ్యా, ఆదివారం ఒక్క మనిషి లేడు, మళ్లీ అర్జెంటంట" అంది. అర్జెంట్ అంటే వెండి అని మనవడు చెప్పాడు. పక్క వీధులు క్లోరైడ్, సల్ఫైడ్, ఆక్సైడ్, అయోడైడ్, బ్రోమైడ్. పదో తరగతి కెమిస్ట్రీ పుస్తకం పరిచి వీధులకు పేర్లు పెట్టినట్టుంది. వాడికి మాత్రం ఊరంతా ఫొటోలు తీసుకోవడానికి ఇదే సరదా.

ఇప్పుడు అసలు కథ. మన ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో కింగ్ దొర తేల్చాడు. ఆయన పేరు మీదే ఆ బొగ్గు పొరను కింగ్ సీమ్ అంటాం. ఇక్కడ 1883లో చార్లెస్ రాస్ప్ అని జర్మనీ నుంచి వచ్చినవాడు గొర్రెల ఫారంలో కంచె చుట్టూ గుర్రం మీద తిరిగే పని చేసేవాడు. నల్లగా విరిగిన పళ్లలా ఉన్న ఒక గుట్ట మీది రాయిని చూసి తగరం అనుకున్నాడు. పరీక్షిస్తే తగరం కాదు, నాసి రకం సీసం, కొంచెం వెండి. ఫారం మేనేజరుతో కలిపి ఏడుగురు తలా 70 పౌండ్లు వేసుకుని తవ్వడం మొదలుపెట్టారు. రెండేళ్లు పెద్దగా ఏమీ దొరకలేదు. ఆ రోజుల్లో మేనేజరు తన వాటాలో సగం అమ్మబోయాడు. ఆయన 120 పౌండ్లన్నాడు, కొనేవాడు 100 అన్నాడు, ఏ రేటో పేకాట ఆడి తేల్చుకుందామన్నారు. కొనేవాడు గెలిచి 100కే పట్టుకుపోయాడు. కొన్నేళ్లకు ఆ ముక్క విలువ పది లక్షల పౌండ్లు దాటింది. మా ఊళ్లో దీపావళికి పేకాడి సైకిలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు గానీ ఇంత పోగొట్టుకున్నవాణ్ణి నేను వినలేదు.

1885లో మంచి వెండి తగిలింది, అదే ఏడాది కంపెనీ పెట్టారు. బ్రోకెన్ హిల్ ప్రొప్రైటరీ. ఇవాళ ప్రపంచమంతా బీహెచ్‌పీ అనే పెద్ద గనుల కంపెనీ అదే. మన వైపు, తరవాత సింగరేణి అయిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది 1886లో. అంటే ఏడాది తేడాతో ఇద్దరం ఒకే ఈడు వాళ్లం. బీహెచ్‌పీ 1939లోనే ఇక్కడ మూట కట్టుకుని వెళ్లిపోయింది, పేరులో మాత్రం ఈ ఊరిని మోసుకుపోయింది. ఊరికి పేరిచ్చిన ఆ విరిగిన గుట్ట కూడా ఇప్పుడు లేదు, పూర్తిగా తవ్వేశారు. ఆ స్థానంలో గని నుంచి తీసిన రాళ్లూ మట్టీ పోసిన దిబ్బ, మన ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన ఉండే ఓబీ డంపు లాంటిది, ఊరిని రెండుగా చీలుస్తూ నిలబడి ఉంది. అంతకు ముందు ఈ నేల విల్యాకలి అనే ఆదివాసులది. మ్యూజియంలలో వాళ్ల గురించి చదివేది తక్కువే దొరికింది. నాకు అది లోటుగానే అనిపించింది.

రెండో రోజు పొద్దున సిల్వర్టన్ వైపు డేడ్రీమ్ మైన్‌కు వెళ్లాం. చివరి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు మట్టిరోడ్డు. మామూలు కారులో నెమ్మదిగా పోవచ్చు, దుమ్ముకు కిటికీలు మాత్రం బిగించండి. 1882 నుంచి తవ్విన గని. బ్రోకెన్ హిల్ కంటే పెద్దన్న అన్నమాట. టికెట్ తీసుకోగానే హెల్మెట్, నడుముకు బ్యాటరీ, క్యాప్ ల్యాంప్ ఇచ్చారు. ఆ బెల్టు కట్టుకునేసరికి నా చెయ్యి దానంతటదే బ్యాటరీ మూత మీదికి పోయి తడిమింది. రిటైరై పన్నెండేళ్లయింది. చేతికి ఆ సంగతి తెలియదు పాపం.

మా చిన్నోడు "నాన్నా, మెట్లు నిటారుగా ఉంటాయట, మోకాళ్లు చూసుకో" అన్నాడు. నిజమే, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, దేహం బరువున్నవాళ్లు ఆలోచించుకోండి. కొన్నిచోట్ల నడుము వంచి కాదు, దాదాపు కూర్చుని నడవాలి. హెల్మెట్ రాయికి టకటకా కొట్టుకుంటుంది. మా ఆవిడ పైనే కూర్చుంది, మంచి పని చేసింది.

కింద గైడు పెద్దాయన, మాట నెమ్మది. గోడ మీద ఉలి గుర్తులు చూపించాడు. ఒకడు ఇనుప ఉలి పట్టుకుని ప్రతి దెబ్బకూ కొంచెం తిప్పుతుంటే ఇంకొకడు సుత్తితో కొట్టేవాడట, ఒక్క కన్నం పడటానికి గంటలు. చిన్న పిల్లల్ని కూడా పనికి దించేవారట. ముడిఖనిజం ముక్క చేతిలో పెట్టాడు. అరచేతిలో పట్టేంతే, చెయ్యి మాత్రం కిందికి జారిపోయింది. గాలీనా అంటారు దాన్ని, సీసపు రాయి. పగిలినచోట చిన్న చిన్న చదరపు అద్దాల్లా మెరుస్తుంది. ఇంత బొగ్గు ముక్క అయితే జేబులో వేసుకున్నా తెలియదు. దీన్ని రోజంతా ఎత్తినవాడి నడుము ఏమైపోయి ఉంటుందో అనుకున్నాను.

అప్పుడు మా క్యాప్ ల్యాంపులన్నీ ఆర్పమన్నాడు. కటిక చీకటి. అది నాకు కొత్త కాదు. మా మనవడు మాత్రం నా చొక్కా పట్టుకున్నాడు. గైడు జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

అగ్గిపుల్ల గీసిన చప్పుడు విని నా గుండె ఆగినంత పనైంది. నిజంగా చెబుతున్నాను, రెండడుగులు వెనక్కి వేశాను. బొగ్గు బాయిలో మీథేన్ ఉంటుంది. దిగేముందు పైన జేబులు తడుముతారు, బీడీకట్ట, అగ్గిపెట్టె దొరికిందంటే ఆ మనిషి పని అయిపోయినట్టే. నేనే ఎంతమంది జేబులు తడిమానో లెక్క లేదు. ఈ పెద్దాయన భూమి లోపల నిలబడి అగ్గిపుల్ల గీసి, ఇనుప కొక్కెం లాంటి దానికి కొవ్వొత్తి గుచ్చి, ఆ కొక్కేన్ని పక్కన కట్టెలోకి పొడిచి, "వందేళ్ల కిందట వాళ్లకు ఉన్న వెలుతురు ఇదే" అన్నాడు. సీసం, వెండి గనుల్లో సాధారణంగా ఆ గ్యాసు ఉండదు. పుస్తకంలో చదివిన సంగతే. 34 ఏళ్ల భయం పుస్తకం మాట వింటుందా?

నా వాలకం చూసి గైడు, "నువ్వు గని మనిషివా?" అని అడిగాడు. బొగ్గు అన్నాను. నవ్వి, "అయితే ఇది నీకు నచ్చదులే" అని కొవ్వొత్తి చూపించాడు. తరవాత నేను ఊరికే ఉండలేక, చేతికర్రతో పైకప్పు మీద తట్టి చూశాను. సర్దారు మొదట చేసే పని అదే. గట్టి రూఫ్ అయితే గంట కొట్టినట్టు ఖంగుమంటుంది. లోపల పొర విడితే కుండ మీద కొట్టినట్టు బోలుగా వినపడుతుంది. ఆ బోలు చప్పుడు విని మనుషుల్ని వెనక్కి లాగిన రోజులు ఉన్నాయి. ఇక్కడ ఖంగుమంది. గైడు ఏమీ అనలేదు, ఆయన కూడా తన చేతిలో ఉన్నదానితో ఒకసారి తట్టాడు. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు. ఆ గంటలో మాత్రం మాటలకు లోటు లేదు.

పైకి వచ్చాక టీ, స్కోన్స్ అని మెత్తటి బన్నులు, జాము, క్రీము. టీ మన టీ కాదు గానీ బాయి పైకొచ్చాక తాగే ఏ టీ అయినా బాగుంటుంది.

సిల్వర్టన్ ఒకప్పుడు పెద్ద ఊరట, ఇప్పుడు చెదురుమదురుగా కొన్ని ఇళ్లు. సినిమాలు తీసే చోటని మా చిన్నోడు తిరిగి చూశాడు. నేను కారులో పడుకున్నాను.

మధ్యాహ్నం ఆ దిబ్బ మీదికి, గని కార్మికుల స్మారకానికి వెళ్లాం. ఈ ఊళ్లో ఒక్కటే చూడ్డానికి టైముంటే ఇది చూడండి. తుప్పు పట్టిన ఇనుప రేకులతో కట్టిన సన్నటి దారి, పైన చీలికలా ఆకాశం, పక్కన అద్దాల మీద పేర్లు. 800 మందికి పైగా. పేర్లు ఏ స్మారకంలోనైనా ఉంటాయి. ఇక్కడ ప్రతి పేరు పక్కన ఎలా చనిపోయాడో రాశారు. రాయి పడి. షాఫ్టులో జారి. పేలుడులో. సీసపు విషం. గుండె ఆగి. అక్కడక్కడ ఎవరో ప్లాస్టిక్ గులాబీలు గుచ్చి వెళ్లారు. ఎండకు గులాబీల ఎరుపు వెలిసిపోయి తెల్లబడింది.

నేను ఒక చివర నుంచి మొదలుపెట్టి "రాయి పడి" అన్నవి లెక్కపెట్టాను. 40 దాటాక లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టలేదు. నా ఉద్యోగమంతా ఆ నాలుగక్షరాలు ఎవరి పేరు పక్కనా పడకుండా చూడటమే. కోడలు వచ్చి "మామయ్యా, చలిగా ఉంది, వెళ్దామా" అంటే, మీరు కారులో కూర్చోండమ్మా అన్నాను. ఒకటి గమనించాను. మొదటి పాతిక, ముప్పై ఏళ్లు పేర్లు కిక్కిరిసి ఉన్నాయి, పోను పోను పలచబడ్డాయి. అది ఊరికే పలచబడలేదు.

దానికి జవాబు కిందికి దిగితే ట్రేడ్స్ హాల్లో ఉంది. కార్మికులు సొంత డబ్బుతో కట్టుకున్న రాతి భవనం. 1919 మేలో మొదలైన సమ్మె 1920 నవంబర్ దాకా, 18 నెలలు నడిచింది. మన దగ్గర 2011 సకల జనుల సమ్మెలో నెల దాటేసరికి మా వీధిలో కిరాణా కొట్టువాడు ఖాతా పుస్తకం మూసేశాడు, మా ఆవిడ బియ్యం డబ్బా అడుగు గీకడం నాకు ఇంకా గుర్తుంది. వీళ్లు 18 నెలలు, నాలుగు వైపులా ఎడారి, సంఘాలు పంచిన సరుకులతో బతికారు. నీళ్లు పోయకుండా పొడి డ్రిల్లింగ్ చేస్తే లేచిన రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి మనుషులు పోతుండేవారు. సమ్మె తరవాత వారానికి 35 గంటల పని, దుమ్ము జబ్బుకు పరిహారం సాధించారు. 1920లో 35 గంటలు! మేం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు చేశాం.

అంతా పొగడ్తేమీ కాదు. సంఘాలకు ఇక్కడ ఎంత పట్టు ఉండేదంటే, బ్యాడ్జి లేనివాడికి పని లేదు. బ్యాడ్జిలు చూపించే రోజంటూ ఒకటి పెట్టేవారు. పెళ్లయిన ఆడవాళ్లు ఉద్యోగం మానుకోవాలనే కట్టుబాటు 1981 దాకా నడిచింది. మా కోడలు ఇది చదివి, "ఇంత పోరాడినవాళ్లకు ఇదేం బుద్ధి?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంకో చోటు చాలామంది వదిలేస్తారు. ఊరి ఉత్తరాన ఎర్ర రంగు రేకుల చిన్న మసీదు. ఒంటెలు తోలుకుంటూ అఫ్గానిస్తాన్, బలూచిస్తాన్, పంజాబ్, సింధ్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్నది. రైలు రాని చోట్లకు సరుకు మోసింది వాళ్ల ఒంటెలే. అందులో ఒక పాత పుస్తకం ఉంది. ఏళ్ల తరబడి దాన్ని ఖురాన్ అనుకున్నారు. చదవగలిగిన మనిషి వచ్చి తెరిచి చూస్తే కలకత్తాలో అచ్చయిన బెంగాలీ పద్యాల పుస్తకం! ఈ ఎడారికి బెంగాలీ పద్యాలు ఎవరు మోసుకొచ్చారో, ఏ రాత్రి ఎవరు పాడుకున్నారో. మసీదు కొన్ని గంటలే తెరుస్తారు, ముందు కనుక్కుని వెళ్లండి.

భోజనం సంగతి. మా ఆవిడ నాలుగు మార్కులకు కారణం ఇదే. ఒక హోటల్లో, పేరు రాయను, శాకాహారం అని రెండుసార్లు చెప్పినా పాస్తాలో పంది మాంసం ముక్కలు వచ్చాయి. ఆమె ప్లేటు పక్కకు నెట్టి మంచినీళ్లు తాగి లేచింది. దిగిన మోటెల్లో హీటరు రాత్రంతా, బాయిలో బొగ్గు టబ్బులు లాగే పాత హాలేజ్ ఇంజనులా మోత పెట్టింది. జూలై రాత్రులు గట్టి చలి, హీటరు ఆపితే వణుకు, పెడితే నిద్ర లేదు. రైస్ కుక్కర్, గోంగూర పచ్చడి, కందిపొడి తీసుకెళ్లాం కాబట్టి బతికాం. మీరు కూడా తీసుకెళ్లండి. వేసవిలో, అంటే డిసెంబర్, జనవరిలో మాత్రం వెళ్లొద్దు. 40 డిగ్రీలు దాటుతుందంటున్నారు. ఆ ఎండ కావాలంటే కొత్తగూడెం ఉంది కదా.

నా మార్కులు అయిదుకు నాలుగున్నర. అర మార్కు ఆ అగ్గిపుల్లకు కోశాను.

ఆ రాత్రే ఇల్లందుకు ఫోన్ చేశాను. నాతో పాటు సర్దారీ చేసినవాడు. స్మారకం గురించి, 18 నెలల సమ్మె గురించి, కొవ్వొత్తి గురించి అన్నీ చెప్పాను. అంతా విని వాడు అడిగింది ఒక్కటే. "రూఫ్ ఎట్లుందిరా?"

ఇంకో మాట, మరిచిపోయేలా ఉన్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఊడ్లా విర్రా దగ్గర చెక్‌పోస్టు ఉంటుంది. పండ్లు, కూరగాయలు సౌత్ ఆస్ట్రేలియాలోకి రానివ్వరు, పండు ఈగ రాకుండా. మా సంచిలో పదకొండు నారింజలు ఉన్నాయి. పారెయ్యడానికి మా ఆవిడకు మనసొప్పలేదు. చెక్‌పోస్టుకు ముందే రోడ్డు పక్కన కారు ఆపించి, పొదల మధ్య నిలబడి అయిదుగురం తిన్నాం. ఆరు నిమ్మకాయలు మాత్రం వాళ్ల డబ్బాలో వేయక తప్పలేదు.